ఒక్క పిల్లవాని కోసం తెరిచిన బడి



క్రిస్మస్ దగ్గర పడిందంటే చాలు, నల్గొండ, పాలమూరు సంఘాల నుండి మాకు ఒకే రకమైన ఫోన్లు వస్తుంటాయి. కీబోర్డు వాయించేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి అయ్యగారూ అని అడుగుతారు. దేవరకొండ వైపు నుండి అడుగుతారు, నాగర్‌కర్నూల్ నుండి అడుగుతారు, గద్వాల నుండి అడుగుతారు. పట్టణంలో ఉన్న ఒకరిద్దరు యువకులే ఒక్కో వారంలో నాలుగు సంఘాలు తిరుగుతారు. చార్జీలు ఇచ్చి, భోజనం పెట్టి, కానుక కవరు చేతిలో పెట్టి పంపిస్తాము. పండుగ అయిపోతుంది. మరుసటి ఆదివారం గుడిలో మళ్లీ చప్పట్లు, ఒక కంజీర, అంతే. పై ఏడు మళ్లీ అదే ఫోను.

వాద్యం కొనడానికి చందాలు ఎత్తే సంఘాలను మేము చాలా చూశాము. వాయించే బిడ్డలను తయారు చేయడానికి పూనుకున్న సంఘాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఎందుకని అడిగితే వచ్చే జవాబులు కూడా మాకు తెలుసు. మా పిల్లల్లో అంత తెలివి గలవాళ్లు లేరు. నేర్పేవాళ్లు లేరు. ఇద్దరు పిల్లల కోసం బడి ఏమి పెడతాము? ఈ మూడు మాటలకూ జవాబుగా ఈ వారం ఒక మనిషి జీవితాన్ని మీ ముందు పెడుతున్నాము. ఆయన మన సంఘాలకు చెందినవాడు కాదు, మన ప్రాంతపువాడు కూడా కాదు. అయినా మన తెలుగువాడు. ఆయన పేరు ద్వారం వెంకటస్వామి నాయుడు. ఫిడేలు నాయుడుగారంటే ఒక తరం తెలుగువారందరికీ తెలుసు.

నాయుడుగారు 1893 నవంబరు 8న బెంగళూరులో పుట్టారు. ఆ రోజు దీపావళి. ఇంటింటా దీపాలు వెలిగే రోజున పుట్టిన ఆ బిడ్డకు కళ్లలో వెలుగు తక్కువ కావడం మనసును కలచే సంగతి. తండ్రి సైన్యంలో ఉద్యోగి. ఆ కుటుంబం తరువాత విశాఖపట్నంలో స్థిరపడింది. పిల్లవాణ్ణి బడికి పంపారు గాని చూపు మందగించినందువల్ల చదువు సాగలేదు. నల్లబల్ల మీద రాసింది కనిపించని పిల్లవాడు బడిలో ఎంతకాలం కూర్చుంటాడు? ఆ కాలంలో అటువంటి పిల్లలకు వేరే ఏర్పాట్లు లేవు. ఇంట్లో ఒక మూలన కూర్చోబెట్టి, వేళకు అన్నం పెట్టి, వీడి బతుకు ఇంతేనని నిట్టూర్చే ఇళ్లే ఎక్కువ.

ఆ ఇంట్లో అలా జరగలేదు. అన్నగారు వెంకటకృష్ణయ్యకు వయొలిన్ వచ్చు. ఆయనే తమ్ముణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని ఆ వాద్యం చేతికిచ్చి నేర్పారు. మొదటి గురువు అన్నగారే, మొదటి సంగీత పాఠశాల ఆ ఇల్లే.

ఇక్కడ వయొలిన్ గురించి ఒక మాట చెప్పాలి. ఈ వాద్యం మన దేశంలో పుట్టింది కాదు, ఐరోపా నుండి వచ్చింది. సుమారు రెండు వందల ఏళ్ల కిందట ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో దీన్ని నేర్చుకుని, కర్ణాటక సంగీతానికి ఒప్పించారు. పాశ్చాత్యులు నిలబడి భుజం మీద పెట్టుకుని వాయిస్తే, మనవాళ్లు నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చుని, వాద్యం కొసను కుడి పాదం మీద ఆనించి వాయిస్తారు. దీనికి నాలుగే తీగలు. వీణకున్నట్లు మెట్లు ఉండవు. ఏ స్వరం ఎక్కడ ఉందో చూపించే గుర్తు ఒక్కటి కూడా ఉండదు. వేలు వెంట్రుకవాసి పక్కకు జరిగితే చాలు, స్వరం తప్పుతుంది. స్వరస్థానం కంటితో వెతికేది కాదు, చెవితో పట్టుకునేది. అందుకే కళ్లు సరిగా కనిపించని పిల్లవానికి ఈ వాద్యం దగ్గర లోటు లేదు. నల్లబల్ల ముందు వెనుకబడిన పిల్లవాడే ఈ నాలుగు తీగల ముందు అందరికంటే ముందుకు వెళ్లాడు. పిల్లవానిలో లేనిదేమిటో బడి చూసింది. ఉన్నదేమిటో అన్న చూశాడు.

అన్నగారి పాఠాలతో పాటు విన్న సంగీతం కూడా ఆయనకు గురువే అయింది. వైణిక విద్వాంసులు తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారి వీణావాదనం నాయుడుగారి మీద గాఢమైన ముద్ర వేసింది. పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుల వాదనను కూడా శ్రద్ధగా విని, కమాను నడిపే తీరును గమనించారు. మంచిది ఎక్కడున్నా తీసుకోవడానికి సంకోచించలేదు. తీసుకున్నదంతా మన సంగీతానికే సమర్పించారు.

ఇప్పుడు విజయనగరం వైపు వెళ్దాము. 1919 ఫిబ్రవరి 5న అక్కడ పూసపాటి విజయరామ గజపతిరాజు ఒక సంగీత పాఠశాలను తెరిచారు. దాని వెనుక ఉన్న సంగతి విజయనగరంలో నేటికీ చెప్పుకుంటారు. రాజావారి కొలువులో పనిచేసే ఒక ఉద్యోగికి చూపులేని కుమారుడున్నాడు. ఆ పిల్లవానికి సంగీతమంటే ఆసక్తి. అతనికి విద్య నేర్పించే దారి వెతుకుతూ, ఆ ఒక్కనికే కాకుండా అటువంటి పిల్లలందరికీ ఉపయోగపడాలని రాజావారు బడే పెట్టించారు. అదే నేటి మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల. నూరేళ్లు దాటింది, ఇంకా నడుస్తూనే ఉంది. దాని పునాదిలో ఉన్నది ఒక చూపులేని పిల్లవాని అవసరం.

ఆ బడికి తొలి అధ్యక్షులుగా హరికథా పితామహుడని పేరుగాంచిన ఆదిభట్ల నారాయణదాసుగారిని నియమించారు. దాసుగారు 1864లో బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టారు. సంస్కృతాంధ్రాలలో గొప్ప పండితులు, గాయకులు, వైణికులు. అంతటి మనిషి ఉన్న బడిలో విద్యార్థిగా చేరుదామని విశాఖపట్నం నుండి ఒక యువకుడు వయొలిన్ పట్టుకుని వచ్చాడు. అతడే వెంకటస్వామి నాయుడు. వయసు దాదాపు 26 ఏళ్లు. ఇంకా నేర్చుకోవలసింది ఉందనే తలంపుతోనే వచ్చాడు. అతని వాదన విన్న పెద్దలు అతణ్ణి విద్యార్థిగా చేర్చుకోలేదు. ఆ బడికే వయొలిన్ ఆచార్యునిగా నియమించారు.

ఈ సంగతి చదివినప్పుడల్లా మొదటి దినవృత్తాంతముల గ్రంథము 25వ అధ్యాయం మాకు గుర్తుకు వస్తుంది. దావీదు కాలంలో దేవుని మందిరపు సేవకు ఆసాపు, హేమాను, యెదూతూను కుటుంబాల వారిని ఏర్పరచిన సందర్భమది. సితారాలు, స్వరమండలములు, తాళములు వాయించడంలో ప్రవీణులైన వారి లెక్క 288. వారికి వంతులు పంచేటప్పుడు చిన్న పెద్ద అని గాని, గురువు శిష్యుడు అని గాని తేడా లేకుండా చీట్లు వేశారు. ఆ అధ్యాయాన్ని మనం పేర్ల పట్టిక అనుకుని దాటిపోతుంటాము. నిజానికి అది ఒక సంగీత పాఠశాల హాజరు పట్టీ. తండ్రి చేతి కింద కుమారులు నేర్చుకున్నారు. నేర్చుకున్నవారే నేర్పేవారయ్యారు. ఆరాధనలో సంగీతం పండుగ రోజున అద్దెకు వచ్చింది కాదు, ఇళ్లలో పెరిగింది.

నాయుడుగారు దాసుగారి అధ్యక్షతన 17 ఏళ్లు అధ్యాపకులుగా పనిచేశారు. 1936లో దాసుగారి తరువాత తామే ఆ బడికి అధ్యక్షులయ్యారు. లోకం ఒక విద్వాంసుని జీవితాన్ని కచేరీలతో, బిరుదులతో కొలుస్తుంది. కాని ఈ ఏళ్లలో ఎక్కువ భాగం ఎలా గడిచి ఉంటుందో సంగీతం నేర్పినవారికి తెలుసు. సంగీతపు బడిలో రోజు సరళీ స్వరాలతో మొదలవుతుంది. మాయామాళవగౌళ రాగంలో ఏడు స్వరాలను పైకి, కిందికి, మూడు కాలాలలో పాడించాలి, వాయించాలి. తరువాత జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు, ఆ పైన కీర్తనలు. వయొలిన్ పట్టుకున్న కొత్త పిల్లవాని చేతిలో మొదటి నెలల్లో వచ్చేది సంగీతం కాదు, కీచుమనే చప్పుడు. ఆ చప్పుడును ఓర్చుకుని వినగలిగినవాడే గురువు. అందులో దాగి ఉన్న ఒక్క మంచి స్వరాన్ని గుర్తుపట్టి, ఇదిగో ఇది బాగుందని చెప్పగలిగినవాడు మంచి గురువు. పైగా వయొలిన్‌లో శిష్యునికి స్వరం ఎక్కడుందో వేలుతో చూపించి వదిలేస్తే సరిపోదు, అతని చెవిని తెరవాలి. చెవి తెరుచుకోవడానికి ఏళ్లు పడుతుంది. అన్ని ఏళ్లు ఒకే చోట కూర్చుని నేర్పడానికి ఓపికతో పాటు ప్రేమ కూడా ఉండాలి.

నాయుడుగారు ఆ బడికి అధ్యక్షులుగా ఉన్న కాలంలో జరిగిన ఒక సంగతి తెలుగునాట చాలామందికి తెలుసు. కృష్ణా జిల్లా గుడివాడ ప్రాంతంలోని చౌటపల్లిలో పుట్టిన ఒక పేద కుర్రవాడు చేతి ఉంగరం అమ్ముకుని, సంగీతం నేర్చుకోవాలని విజయనగరం చేరుకున్నాడు. తీరా చూస్తే వేసవి సెలవులు, కళాశాల మూసి ఉంది. ఊరిలో తెలిసినవారు లేరు, చేతిలో డబ్బు లేదు. నాయుడుగారిని కలిసి మొర పెట్టుకుంటే, కళాశాల ఆవరణలోనే ఉండమని అనుమతి ఇచ్చారు. రోజుకొక ఇంట భోజనం చేస్తూ ఆ కుర్రవాడు కాలం గడిపాడు. ఆ కుర్రవాడే ఘంటసాల వెంకటేశ్వరరావు.

అయితే కథ అంత నున్నగా సాగలేదు. తోటి విద్యార్థులు చేసిన తప్పు అతని మీద పడింది. అతణ్ణి కళాశాల నుండి పంపివేశారు. మంచి బడిలో కూడా అన్యాయం జరుగుతుందని, పిల్లల గొడవలో నోరులేనివాడే దెబ్బ తింటాడని ఇది మనకు నేర్పుతుంది. అప్పుడు పట్రాయని సీతారామశాస్త్రిగారనే సంగీత గురువు అతణ్ణి తన ఇంటికి తీసుకువెళ్లారు. ఆయనే పేదవాడు. అయినా ఆశ్రయమిచ్చి, ప్రతిఫలం ఆశించకుండా గాత్రం నేర్పారు. ఘంటసాల తరువాత అదే కళాశాలలో చదివి పట్టా పుచ్చుకున్నారు. ఆయన గొంతు వినని తెలుగు పల్లె, నల్గొండలో గాని పాలమూరులో గాని, ఉందా? సెలవుల్లో మూసి ఉన్న తలుపు ఒక గురువు తెరిచారు. మూసుకుపోయిన తలుపు బయట నిలబడినవానికి ఇంకొక గురువు తన ఇంటి తలుపు తెరిచారు. ఈ రెండు తలుపులూ తెరుచుకోకపోతే ఆ గొంతు మనదాకా వచ్చేదా?

ఆ బడి నుండి వచ్చినవారు ఇంకా ఉన్నారు. తరువాతి కాలంలో కర్ణాటక సంగీతంలో మహా విద్వాంసుడైన నేదునూరి కృష్ణమూర్తిగారు అక్కడే చదువుకున్నారు. ద్వారం కుటుంబానికే చెందిన నరసింగరావు నాయుడుగారు ఆయనకు గురువు. గాయని పి. సుశీలగారు అక్కడి విద్యార్థినే. నాయుడుగారి కుమారుడు భావనారాయణరావు, కుమార్తె మంగతాయారు వయొలిన్ విద్వాంసులై శిష్యులను తయారు చేశారు. అన్న దగ్గర తమ్ముడు నేర్చుకున్న ఆ విద్య ఒక కుటుంబాన్ని దాటి, ఒక ఊరిని దాటి, రాష్ట్రమంతటా పాకింది.

ఇక నాయుడుగారి వాదన సంగతి. అప్పటి వరకు కచేరీలలో వయొలిన్ ప్రధానంగా పక్క వాద్యం. గాయకుడు పాడిన దాన్ని అనుసరించడం, అతనికి ఆధారంగా నిలబడడం దాని పని. నాయుడుగారు కూడా ఎందరో పెద్ద గాయకులకు పక్క వాద్యం వాయించారు. పక్కన కూర్చుని ఇంకొకరి పాటకు అందం తేవడంలో ఆయన ఎన్నడూ చిన్నతనం అనుకోలేదు. 1938లో వేలూరులో ఆయన ఒంటరిగా వయొలిన్ కచేరీ చేశారు. అప్పటికి ఆయనకు 45 ఏళ్లు దగ్గర పడుతున్నాయి. వయొలిన్ పాటకు తోడు రావడమే కాదు, తానే పాడగలదని దక్షిణ భారతదేశం ఆయన చేతి నుండి విన్నది. పెద్ద నాదం, నిండైన కమాను, తొందరలేని నడక ఆయన సొత్తు.

1941లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణతో గౌరవించింది. 1952లో ప్రపంచ ప్రఖ్యాత వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మన దేశానికి వచ్చినప్పుడు, మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి వాదన విని ఎంతో మెచ్చుకున్నారు. ఐరోపా నుండి మనకు వచ్చిన వాద్యాన్ని మన రాగంతో నింపి, ఆ దేశాలవారికే వినిపించిన ఘడియ అది. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ వచ్చాయి. పేరు వచ్చిన తరువాత ఆయన మరచిపోని సంగతి ఒకటుంది. చూపులేనివారి సహాయార్థం ఢిల్లీలో కచేరీ చేశారు. చీకటి అంటే ఏమిటో తెలిసినవాడు, ఆ చీకటిలో ఉన్నవారి కోసం తన కమాను ఎత్తాడు. 1964 నవంబరు 25న నాయుడుగారు కన్నుమూశారు. ఆయన శతజయంతి సందర్భంగా 1993లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.

ప్రియ పాఠకులారా, ఇంత దూరం ఈ కథ ఎందుకు చెప్పామో ఇప్పుడు మా తప్పు ఒకటి ఒప్పుకుంటే మీకు తెలుస్తుంది.

చాలా ఏళ్ల కిందట మేము దేవరకొండ వైపు ఒక పల్లె సంఘానికి నెలనెలా వెళ్లి ఆరాధన నడిపేవాళ్లము. గుడిలో ఒక పాత హార్మోనియం పెట్టె ఉండేది. ఆరాధన అయిపోయి అందరూ చెప్పులు వేసుకుంటుంటే, దళసరి కళ్లద్దాల పిల్లవాడొకడు మెల్లగా వచ్చి ఆ పెట్టె దగ్గర కూర్చునేవాడు. ఎడమ చేత్తో తిత్తి ఊదుతూ, కుడి చేతి వేలితో మెట్లు ఒక్కొక్కటే నొక్కుతూ, అప్పుడే పాడిన కీర్తన పల్లవిని వెతుక్కునేవాడు. బడిలో వెనుకబడ్డాడని తండ్రి బాధపడుతుండేవాడు. మేము ఆ తండ్రితో ముందు చదువు చూడమన్నాము. పెట్టె పాడవుతుందని తాళం వేయించాము. మేము సెమినరీలో వేదాంతం చదివాము, ప్రసంగం ఎలా కట్టాలో నేర్చుకున్నాము. ఒక పిల్లవాని వేళ్ల కింద ఏమి జరుగుతోందో చదవడం మాకు రాలేదు. రెండేళ్లకు ఆ కుటుంబం పని కోసం హైదరాబాదు వెళ్లిపోయింది. తరువాత ఒక క్రిస్మస్‌కు తాళం తీసి చూస్తే హార్మోనియం తిత్తులను ఎలుకలు కొరికేశాయి. పెట్టె పాడవుతుందని తాళం వేశాము. తాళం వేసినందువల్లనే పెట్టె పాడైంది. పెట్టె పోతే ఇంకొకటి కొనవచ్చు. ఆ పిల్లవాడు మళ్లీ మా గుడిలోకి రాలేదు.

ద్వారంవారి అన్నగారు చేసిన పని మేము చేయలేదు. అదే మా తప్పు.

మన చేతుల్లో ఉన్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకాన్ని ఒకసారి తెరవండి. కీర్తనల పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌధరి వంటి భక్తులు రాసినప్పుడు ఆ రాగాలు వారి చెవుల్లో ఉన్నాయి. మన నల్గొండ బాప్టిస్టు సంఘాలలో, పాలమూరు మెన్నోనైట్ సంఘాలలో మన తాతలు చదువు రాకపోయినా ఆ వరుసలు నోటికి నేర్చుకుని, పొలాల్లో పాడుకున్నారు. ఇప్పుడు ఆ పంక్తిని చదివి, ఇదిగో ఈ రాగం ఇలా ఉంటుందని పాడి చూపగలిగేవారు ఒక సంఘంలో ఎందరున్నారు? పుస్తకం మన ఒడిలో ఉంది, వరుస మాత్రం జారిపోతోంది. పెద్దవాళ్లు ఒక్కొక్కరుగా ప్రభువు నందు నిద్రించినప్పుడు, ఒక్కొక్క వరుస వారితో పాటే సమాధిలోకి వెళుతోంది. ఇది మేము భయపెట్టడానికి చెప్పడం లేదు. భూస్థాపన కూడికలలో నిలబడి చూసినదే చెబుతున్నాము.

అందుకే సంఘ పెద్దలకు, యౌవనస్తులకు, స్త్రీల సమాజాలకు మేము ప్రేమతో మనవి చేస్తున్నాము. పెద్ద పనులు అడగడం లేదు. గుడి వెనుక గది ఒకటి, వారానికి రెండు సాయంత్రాలు, బాగుచేయించిన ఒక హార్మోనియం చాలు. వయొలిన్ దొరికితే మంచిదే. దొరకకపోతే డప్పు ఉంది, డోలక్ ఉంది, తాళాలు ఉన్నాయి. మన వాడల్లో డప్పు మీద దరువు తెలిసిన పెద్దలున్నారు. వారిని గురువులుగా గౌరవించి ఆ గదిలో కూర్చోబెట్టండి. నేర్పేవారు లేరనుకోకండి. పాట తెలిసిన ముసలమ్మ కూడా గురువే. ఆమె పాడుతుంటే ఒక పిల్లవాడు మెట్ల మీద వెతుక్కుంటే, అక్కడే బడి మొదలైనట్లు.

పిల్లలను ఏరవద్దు. తెలివి గలవారిని మాత్రమే తీసుకుంటామని మొదలుపెడితే, ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని మొదటి రోజే వెనక్కి పంపేవాళ్లము. చూపు తక్కువైనా, మాట తడబడినా, మన నల్గొండ ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్ల వల్ల ఎముకలు వంగినా, ముందు ఆ బిడ్డ చేతిలో వాద్యం పెట్టి చూడండి. వంగిన చేతికి కూడా ఒక తాళం దొరుకుతుంది. ఆడబిడ్డలను వెనుక వరుసలో కూర్చోబెట్టకండి.

మూడు నెలలు కాకముందే వేదిక ఎక్కించాలని తొందరపడవద్దు. వేదిక ఎక్కిన పిల్లవానికి చప్పట్లు దొరుకుతాయి గాని సరళీ స్వరాలు దొరకవు. నాయుడుగారు ఒంటరి కచేరీకి వచ్చేసరికి 45 ఏళ్లకు దగ్గరయ్యారు. అంతకుముందు ఏళ్ల తరబడి పక్కన కూర్చుని ఇంకొకరి పాటను మోశారు. సంఘంలో వాయించేవాడు నేర్చుకోవలసిన మొదటి పాఠం కూడా అదే. సంఘం పాడుతోంది, తాను తోడుగా ఉన్నాడు. వాద్యం సంఘం గొంతును మింగేస్తే అది ఆరాధన కాదు. ఇప్పుడు మన గుళ్లలో పెద్ద స్పీకర్లు పెట్టి, ముసలివాళ్లు చెవులు మూసుకునేలా వాయించడం చూస్తున్నాము. దాన్ని మాన్పించే దారి తిట్టడం కాదు, పిల్లల చేతికి చిన్నప్పుడే స్వరం విలువ నేర్పడం.

ఇద్దరు పిల్లలే ఉన్నారని చిన్నబుచ్చుకోకండి. విజయనగరంలో నూరేళ్లు దాటిన ఆ బడికి మొదట కనిపించింది ఒక్క పిల్లవాడే. మన ప్రభువు కూడా ఒక చిన్న బిడ్డను పిలిచి శిష్యుల మధ్య నిలబెట్టాడు. తొంభైతొమ్మిదింటిని విడిచి ఒక్కదానిని వెదకిన కాపరి ఆయన. లెక్కల్లో ఆయన దారి వేరు.

ఈ ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత వెంటనే తలుపులు వేయకండి. హార్మోనియం దగ్గర, డప్పు దగ్గర, కీబోర్డు దగ్గర ఎవరు తచ్చాడుతున్నారో ఒక్క పది నిమిషాలు చూడండి. ఎవరైనా ఒక బిడ్డ కనిపిస్తే పేరు అడగండి. పెట్టె తాళం తీసి, ఆ బిడ్డ పక్కన కూర్చోండి. మేము చేయలేకపోయిన పనిని మీరు చేయండి.

తన మందిరములో గాయకులను, వాద్యకారులను తరతరములుగా లేవనెత్తిన దేవుడు మన నల్గొండ, మహబూబ్‌నగర్ సంఘాలలోని చిన్న బిడ్డలను దీవించి, వారికి నేర్పే ఓపికను పెద్దలమైన మనకు దయచేయును గాక. ఆమేన్.